మా తోడికోడలు దారి తప్పిన శనివారం

నేను సైకిల్ నేర్చుకున్నది ముప్పై ఎనిమిదో ఏట, దోహాలో. బెజవాడలో చదువుకునే రోజుల్లో ఆడపిల్లకి సైకిలెందుకన్నాడు మా నాన్న. ఆ తర్వాత నాకూ దాని అవసరం పడలేదు. ఇక్కడ ఐన్ ఖాలిద్‌లో మా వీధిలోనే ఉండే ఒకావిడ, మోకాళ్ళకి మంచిదని చెప్పి లాక్కెళ్ళింది. మూడుసార్లు పడ్డాను. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. నాలుగు నెలలకి నిటారుగా కూర్చుని తొక్కడం వచ్చింది. పెళ్ళప్పుడు కూడా అంత గర్వపడలేదు నేను.

మేం ఐదుగురు ఆడవాళ్ళం. శుక్రవారం చర్చి, శనివారం సైకిళ్ళు. ఊరికి దక్షిణంగా సైకిళ్ళ కోసమే వేసిన దారి ఒకటుంది. కార్లు రాకుండా మొదట్లోనే గేటు పెట్టారు. తారు కొంతదూరం వెళ్ళి ఆగిపోతుంది, అక్కణ్ణుంచి గట్టిపడిన ఇసుక బాట. అటూ ఇటూ చదును నేల, మోకాలెత్తు పొదలు, వాటి మధ్య అక్కడక్కడా ఒంటెలు. తొమ్మిది కిలోమీటర్లు పోతే ఒక సరస్సు. ఊళ్ళో వాడేసిన నీళ్ళని శుభ్రం చేసి వదలగా వదలగా ఏర్పడినది. చలికాలం పక్షులొస్తాయి. దారికి ఒక్క మలుపు లేదు. పక్కన ఇంకో దారి వచ్చి కలవదు. ఇది గుర్తుంచుకోండి.

ఆ గుంపుకి నేనే పెద్దని. ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో, ఎవరు ఇడ్లీ తేవాలో, ఎవరు పచ్చడి తేవాలో నేనే చెప్పేదాన్ని. హెల్మెట్, చేతులకి గ్లౌజులు, రెండు నీళ్ళ సీసాలు పట్టే తేలికపాటి సైకిలు, అన్నీ ఉండేవి నాకు.

అప్పుడొచ్చింది మా తోడికోడలు. మా ఆయనా, మా మరిదీ ఇద్దరూ మెసయీద్‌లో ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. మరిదికి పెళ్ళై ఏడాది దాటాక వీసా కుదిరి భార్యని తెచ్చుకున్నాడు. కొల్లేరు ఒడ్డు పిల్ల. ఇరవై ఐదేళ్ళుంటాయేమో. సన్నగా, నల్లగా, ఎక్కువ మాట్లాడేది కాదు. మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్న ఫ్లాట్‌లో దిగారు. ఒంటరిగా బిక్కుబిక్కుమంటోంది, నీతో తిప్పు అన్నాడు మా ఆయన. సరేనని నా పాత సైకిలు, బరువైనది, నీళ్ళ సీసా పెట్టుకునే చోటు కూడా లేనిది, ఆమెకిచ్చాను. నేర్పాలేమోనని కాస్త ఉత్సాహపడ్డాను కూడా.

ఆమె సైకిలెక్కి, చున్నీ నడుముకి ముడేసుకుని, చెప్పులతోనే వెళ్ళిపోయింది. హైస్కూలుకి రోజూ చేపల చెరువుల గట్ల మీద, వెనక తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని, ఏడెనిమిది కిలోమీటర్లు తొక్కిందట. వర్షాకాలం బురదలో కూడా. సరస్సు దగ్గరికి మాకంటే చాలాముందు చేరి, మేం రొప్పుతూ వచ్చేసరికి ఒడ్డున గొంతుక్కూర్చుని ఉంది. "ఇక్కడ కూడా కిక్కిస ఉందక్కా, మా ఊళ్ళోలాగే" అంది. ఆ రెల్లు పేరు అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు.

రెండు మూడు వారాల్లో అందరూ ఆమె చుట్టూ చేరారు. గొలుసు జారితే ఆమె ఎక్కించేది. ఏ పక్షి ఏదో ఆమె చెప్పేది. ఎదురుగాలిలో ఎలా వంగి తొక్కాలో చూపించేది. నా స్నేహితురాలొకావిడ నవ్వుతూ, ఇన్నాళ్ళూ మాకు నువ్వు తప్పులు నేర్పించావే అంది. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంత చిన్న విషయానికి ఇంత కుళ్ళా అని మీరనుకోవచ్చు. నాకు ఆఫీసులో కాగితాలు ఫైళ్ళలో సర్దే పని. ఇంట్లో పిల్లలు నా మాట వినే వయసు దాటారు. నా మాట చెల్లే చోటు అదొక్కటే ఉండేది.

ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం. పిల్లల పరీక్షలని మిగతావాళ్ళు రాలేదు. మేమిద్దరమే బయల్దేరాం. ఆ రోజు షమాల్ గాలి మొదలైంది. ఉత్తరం నుంచి తోసే గాలి. సరస్సు దక్షిణాన ఉంది కాబట్టి వెళ్ళేటప్పుడు కాలు కదపకుండానే బండి పోతుంది, వచ్చేటప్పుడు ప్రాణం తీస్తుంది. ఆమె చుడీదారుకి జేబు లేదు, ఫోన్ నా సంచిలో పెట్టింది. నీళ్ళూ నా దగ్గరే ఉన్నాయి.

రెండు కిలోమీటర్లు పోయాక ఆమె ముందుంది, నేను వెనక. చున్నీ ముడి విడిపోయి ఎగురుతోంది, ఏదో పాట పాడుకుంటోంది. అది వినలేకపోయాను. కేకేసి ఆపాను. నా గొలుసు పట్టేస్తోంది, సరిచేసుకుని వస్తాను, నువ్వు సాగిపో, సరస్సు దగ్గర కలుద్దాం అన్నాను. నేను చూస్తానక్కా అంది. అక్కర్లేదు పొమ్మన్నాను. వెళ్ళింది. ఆమె ఒక చుక్కంత అయ్యేదాకా నిలబడి, సైకిలు వెనక్కి తిప్పాను.

ముందే అనుకుని చేసింది కాదు. కానీ ఎదురుగాలిలో రెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చాను కదా, ప్రతి నిమిషం మనసు మార్చుకునే వీలుంది. మార్చుకోలేదు. గేటు దగ్గర ఆపిన నా కారెక్కి ఏసీ వేసుకున్నాను. కాసేపు చూసి తనే వస్తుంది, కాస్త అలిసి వస్తే పొగరు దిగుతుంది అనుకున్నాను. నిజానికి ఆ పిల్లకి పొగరు లేదు. ఆ మాట నేను పెట్టిందే.

గంటైంది. ఎండ ఎక్కింది. పెట్రోలు బంకు దాకా వెళ్ళి కరక్ చాయ్ తాగి వచ్చాను. ఇంకా రాలేదు. రెండో గంటకి భయమేసింది. అయినా కదల్లేదు. ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్తే ఇంతసేపు ఏం చేశావని అడుగుతుంది కదా. సీసాలోని నీళ్ళు నేనే తాగేశాను, భయానికి నోరెండిపోయి.

మూడు గంటలు కావస్తుండగా కనిపించింది. నడిచి వస్తోంది, సైకిలు తోసుకుంటూ. వెనక చక్రంలో ఇనప తీగ దిగి గాలిపోయింది. చెప్పు తెగి, చున్నీ చింపి పాదానికి చుట్టుకుంది. పెదాలు పగిలి నెత్తురు కారి ఎండిపోయింది. ముఖమంతా ఇసుక. దారిలో ఒక ఒంటెల కాపరి డబ్బాలోంచి నీళ్ళు పోశాడని తర్వాత తెలిసింది.

ఆమె నోరు తెరవకముందే నేను అందుకున్నాను. ఎక్కడికి పోయావు, వెతికి వెతికి నా గుండె ఆగిపోయింది అన్నాను. "దారి తప్పావా?" అని అడిగాను.

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా కారు వైపు, కప్పు పెట్టుకునే చోట ఉన్న ఖాళీ చాయ్ కప్పు వైపు చూసింది.

"అవునక్కా" అంది.

ఆమెకి జ్వరం నాలుగు రోజులుంది. నేను జావ కాచి పట్టుకెళ్ళాను. మరిది డ్యూటీకి సెలవు పెట్టాల్సి వచ్చిందని కోపంగా ఉన్నాడు. పరాయి దేశంలో తప్పిపోతే ఎవడు దిక్కు, ఎవరి చేతికైనా చిక్కితే ఏం కావాలి అని గదమాయిస్తున్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక సైకిలు ముట్టుకోవద్దన్నాడు. నేను వింటూ జావలో ఉప్పు సరిపోయిందో లేదో చూశాను.

ఆ తర్వాత చేసింది ఇంకా పాపం. మరుసటి వారం చర్చి అయ్యాక అందరం ఒకరింట్లో భోజనాలకి కూడాం. ఏమైందేమైందని అడుగుతున్నారు. నేను కథలా చెప్పాను. ఒంటెలతో మాట్లాడుతూ ఎటో పోయిందని, నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నానని. చివర్లో, బైబిల్లో కాపరి అన్నట్టు, "మన తప్పిపోయిన గొర్రె దొరికింది, ఇక సంతోషించండి" అన్నాను. పాస్టరుగారి భార్యతో సహా అందరూ నవ్వారు. మరిది అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆమె పళ్ళెంలో అన్నం కలుపుతూ ఉంది. ఆ రోజు నుంచి మా వాళ్ళలో ఆమెకదే పేరు. గొర్రె వచ్చిందా, గొర్రెకి ఫోన్ చేశారా అనేవాళ్ళు. ఆమెని మార్కెట్టుకి కూడా ఒంటరిగా పంపేవాడు కాదు మరిది. డ్రైవింగ్ నేర్చుకుంటానంటే, బైటికెళ్తే తిరిగి ఇల్లు పట్టుకోగలవా అన్నాడు నా ముందే.

నేను మళ్ళీ గుంపుకి పెద్దనయ్యాను.

రెండేళ్ళ తర్వాత మరిది ఉద్యోగం మారి, ఖతర్ ఉత్తరపు కొసన ఉండే మదీనత్ అల్ షమాల్‌కి వెళ్ళాల్సి వచ్చింది. సామాను సర్దడానికి సాయం వెళ్ళాను. మగవాళ్ళు వ్యాను కోసం కిందకెళ్ళారు. వంటింట్లో మేమిద్దరమే, గిన్నెలకి పాత పేపర్లు చుడుతున్నాం. ఎందుకో ఆ రోజు ఆగలేకపోయాను. చెప్పేశాను. గొలుసు బాగానే ఉందని, కావాలనే వెనక్కి తిరిగానని, కారులో కూర్చున్నానని.

ఆమె చేతిలో గిన్నె ఆగలేదు. పేపరు చుట్టి అట్టపెట్టెలో పెట్టింది.

"మీరు తిరగడం చూశానక్కా. అంతా చదునే కదా అక్కడ. ఎంతదూరమైనా కనిపిస్తుంది."

మరెందుకు వెనక్కి రాలేదని అడిగాను.

"అక్క అలా చెయ్యదులే, దేనికో వెళ్ళుంటుంది, వస్తుంది అనుకున్నాను. సరస్సు దగ్గర గంట కూర్చున్నాను."

ఏడుపొచ్చింది నాకు. క్షమించమని చెయ్యి పట్టుకోబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, మొరటుగా కాదు, తుడుచుకోవడానికి అన్నట్టు.

"నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే కదా. ఆయనకి చెప్పండి. చెప్పగలరా?"

చెబుతానన్నాను. ఆ రాత్రి ముందు మా ఆయనకి చెప్పాను. ఆయన లేచి తలుపు వేసొచ్చాడు. తర్వాత, ఇప్పుడు తమ్ముడికి చెప్పి అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టకు, జరిగిందేదో జరిగింది అన్నాడు. ఆ మాట కోసమే ఆయనకి ముందు చెప్పానని నాకు తెలుసు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న చలికాలం వాళ్ళింటికి వెళ్ళాం. ఇంటి నుంచి సముద్రం దాకా రోడ్డంతా ఖాళీ, బండి కనిపించదు. అక్కడికెళ్ళాక పుట్టిన వాళ్ళ కూతురికి మూడేళ్ళు. మా తోడికోడలు చేపల పులుసు వండింది, కొల్లేరు పద్ధతిలో. తింటూ ఉండగా మా ఆయన ఊరికే అన్నాడు, ఇలాంటి చోట సైకిలు తొక్కితే ఎంత బాగుంటుందో అని. ఆమె కూడా మరిది వైపు చూసి, పాపని వెనక కూర్చోబెట్టుకుని బీచ్ దాకా వెళ్ళొస్తే తప్పేంటి అంది. ఆ శనివారం తర్వాత ఆమె సైకిలు మాట ఎత్తగా నేను విన్నది అదే మొదటిసారి.

మరిది ముద్ద మింగి నవ్వాడు. పిల్లనేసుకుని ఎడార్లో తప్పిపోవడానికా అన్నాడు. వదినని అడుగు, నిన్ను వెతకలేక ఆవిడ పడ్డ పాట్లు ఆవిడకి తెలుసు అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. వేచి చూస్తున్నట్టు.

ఒక్క వాక్యం చాలు. మా ఆయన పళ్ళెంలోకి చూస్తున్నాడు. పాప అన్నం కింద పోసుకుంటోంది. నేను చేప ముక్కలోంచి ముల్లు తీస్తూ, "అవును, ఎందుకొచ్చిన గొడవ" అన్నాను. పులుసు ఇంకొంచెం వెయ్యమన్నాను. ఆమె వేసింది.