పెద్దమ్మ చెప్పిన రెండు సాక్ష్యాలు

మొన్న బుధవారం పొద్దున కామాఠీపురా నుంచి ఫోన్ వచ్చింది. మా పాత ఖోలీకి పక్క గది పెద్దమ్మ పోయిందట. చెప్పినావిడ ఏడుస్తూ, "దేవతసొంటి మనిషి బిడ్డా" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ మాట నా దగ్గర ఎత్తకండి అని ఫోన్ పెట్టేశాను. ఆ దేవత నోటి వల్లే నేను మూడేళ్లు అమ్మకు దూరంగా పెరిగాను.

ఆమె మాకు చుట్టం కాదు. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలే రెండూ, మధ్యన ఒక చెక్కగోడ. అందుకని పెద్దమ్మ. రోజంతా చేట ముందేసుకుని బీడీలు చుట్టేది. మా ఇంట్లో ఎవరిని ఏమడిగినా గోడ అవతలి నుంచి తనే జవాబు చెప్పేది. అబ్బ, ఆ నోటికి తాళమే లేదు.

ఎనభైల మొదట్లో, తమ్ముడు పురిట్లోనే పోయాక, అమ్మ మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే కంచం వైపు చూస్తూ కూర్చునేది. రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి, గోలీలు వాడుతూ మళ్లీ మనిషైంది. వంట చేసింది, నాకు జడలు వేసింది. అయినా చాల్‌లో, ఆ వరస గదుల్లో, అంతా పిచ్చిదనే పిలిచారు. నాయన వర్లిలో ఇంకొకావిడతో కాపురం పెట్టి, పిచ్చిదాని దగ్గర పిల్ల ఉండకూడదని కోర్టుకెక్కాడు. ఆయనకు సిగ్గూ శరమూ ఎక్కడివి!

డాక్టరు కాగితం అమ్మ వైపే ఉంది. పెద్దమ్మ మా తరఫు సాక్షి. ఎనిమిదేళ్ల నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. నాయన వకీలు మెత్తగా అడిగాడు. "ఈమె ఎప్పుడైనా వేరే గొంతుతో మాట్లాడుతుందా?"

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "ఎందుకు మాట్లాడదు సాబ్? ఏటా ఆషాఢంల పోచమ్మ వస్తది ఆమె మీదికి. జుట్టు ఇరబోసుకొని ఊగుతది. మేమంత కాళ్లు మొక్కుతం. గంత గొప్ప మనిషి సాబ్!"

జడ్జి కూడా లేచి దండం పెడతాడనుకుంది కాబోలు. ఆయన రాసుకున్నాడు. నన్ను నాయనకు ఇచ్చేశాడు. నెలకొక ఆదివారం రెండు గంటలు, అదీ ఇంకొకరి సమక్షంలో, అమ్మ నన్ను చూడవచ్చన్నాడు. కన్నతల్లి కూతురి తల దువ్వడానికి కాపలా! ఆ తీర్పు రాసిన చేతిమీద నాకిప్పటికీ గౌరవం లేదు.

ఆ కాపలాకు వచ్చింది కూడా పెద్దమ్మే. వర్లి చాల్ మెట్ల మీద, మా వైపు చూడకుండా, బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చునేది. "కోర్టు ఉండుమన్నది, ఉన్న. చూడుమన్లే" అనేది. ఒకసారి చిక్కీ ఇవ్వబోతే విసిరికొట్టి, "నీ నోరు పడిపోనూ" అన్నాను. ఆమె చిక్కీ ఏరుకుని, దులిపి, కొంగున కట్టుకుంది. మరుసటి నెల మళ్లీ తెచ్చింది. మళ్లీ విసిరికొట్టాను.

మూడో ఏడు, ఆషాఢం వెళ్లాక, అమ్మ మళ్లీ కోర్టుకు వెళ్లింది. ఈసారి పెద్దమ్మ ఊసే వద్దన్నాడు మా వకీలు. కానీ అవతలి వకీలు పాత సాక్ష్యం తీసి, ఆమెనే పిలిపించాడు. "పోచమ్మ ఇంకా వస్తుందా?"

నెల కిందటే వచ్చింది. చాల్ మొత్తానికీ తెలుసు. బోనమెత్తిన పెద్దమ్మ తలమీద చెయ్యి పెట్టి, "నీ ఇల్లు సల్లగుంటది" అని అమ్మ నోటితోనే చెప్పిందట ఆ తల్లి.

పెద్దమ్మ బోను చెక్కను రెండు చేతులా పట్టుకుంది.

"రాదు సాబ్. ఎన్నడు రాలె. అప్పుడు నేనే అబద్ధం చెప్పిన. పోచమ్మ లేదు, గీచమ్మ లేదు."

జడ్జి ఆమెను చెడామడా తిట్టాడు. నన్ను అమ్మకిచ్చాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని గబగబా నడిచాను. వెనక పెద్దమ్మ వస్తోందో లేదో కూడా చూడలేదు.

ఆ తర్వాత ఆమె మళ్లీ బోనం ఎత్తలేదు. కొంచెం పెద్దయ్యాక ఎందుకని అడిగాను. "కోర్టుల నిలవడి లేదంటి. ఇంక ఏ మొఖం పెట్టుకొని ఎత్తుకోవాలె?"

"పోచమ్మ మాఫ్ చేస్తదిలే" అన్నాను.

"నువ్వు చేసినవా?"

నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే వినే మనిషి లేదు. పెద్దమ్మా, చేయలేదు. కానీ నువ్వు లేదన్న మాట ఎంత బరువో నాకు తెలుసు. నా కోసం అంత బరువు ఇంకెవరూ మోయలేదు.

ఆమె బోనం మానేశాక ఒక ఏడు బోనాల ఊరేగింపు మా గల్లీలోకి వచ్చింది. అమ్మ జుట్టు విరబోసుకుని, డప్పు ముందు ఊగుతూ వచ్చి, పెద్దమ్మ గుమ్మం దగ్గర ఆగింది. డప్పు ఆగింది. అందరూ చూస్తున్నారు. గుమ్మానికి తెర వేసి ఉంది. అది నేలదాకా రాదు. దాని కింద పెద్దమ్మ పాదాలు కనిపించాయి, రెండూ దగ్గరగా. అమ్మ ఎంతసేపు నిలబడిందో, అవీ అంతసేపు అక్కడే ఉన్నాయి. గడప మాత్రం దాటలేదు.