గుడ్డు ఉడికేంత పాట

ఆ శనివారం మధ్యాహ్నం ఫానోర్ లుకుమీ నా కుట్టుకొట్టు గుమ్మంలోకి వచ్చి, కాసేపు టీవీ కట్టేయమని అడిగాడు. మా కాలీ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఒక గోలు వెనకబడి ఉంది, నాకు కట్టేసే ఉద్దేశం లేదు. ఎందుకని అడిగితే, నా టీవీ ఇంటర్నెట్టంతా తాగేస్తోందనీ, అందుకే తన ఇంట్లో పాట నీరసంగా నడుస్తోందనీ చెప్పాడు. నా ఇంటర్నెట్టు వేరు, ఆయనది వేరు అన్నాను. ఆయన కదల్లేదు. ముప్ఫై రెండేళ్లు ఈ ఊళ్లో సిటీ బస్సు నడిపి, అడ్డమొచ్చిన ప్రతివాణ్ణీ తిట్టిన మనిషి, అలా చేతులు నలుపుకుంటూ నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. టీవీ కట్టేశాను.

పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఇరవై ఏడేళ్లు గడిచినా, పాటల విషయంలో ఫానోర్ నన్ను పూచికపుల్లలా తీసిపారేసేవాడు. నేను పాస్తో కొండల మనిషిని. చలిలో పెరిగిన కాళ్లు, ఈ ఊరి సాల్సా డాన్సు పాట మోగితే లేచి నిలబడతాయి గానీ తర్వాత ఏం చేయాలో వాటికి తెలియదు. అలాంటి నన్ను ఇంట్లోకి లాక్కెళ్లి ఒక పాట వినిపించి, ఇది నిదానంగా ఉందా లేదా చెప్పమన్నాడు. చెవిటివాడి ముందు శంఖమే. ఏమో, పాటలాగే ఉంది అన్నాను. ఆయన ముఖం ఇంకా వాడిపోయింది.

అసలు సంగతి రెండు నెలల కిందటిది. వానాకాలంలో పైకప్పు కారి, ఆయన పదిహేడు వందల రికార్డులకు బూజు పట్టింది. ఆ బూజుకు ఆయన భార్య మెల్బాకు దగ్గు, ఆయాసం. రికార్డులుంటాయో మీ ఆవిడ ఉంటుందో తేల్చుకోమన్నాడు డాక్టరు. ఫానోర్ తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టిందని మెల్బా ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. చివరికి కూతురు యురానీ పూనుకుని, రికార్డులన్నీ ఒక దుకాణంలో ఇచ్చి పాటలు కంప్యూటరులోకి ఎక్కించింది. తుడిచిన రికార్డులూ వాటి ప్లేయరూ వీధి చివర గ్రంథాలయానికి వెళ్లిపోయాయి. ఇంటికి మాత్రం బూట్ల డబ్బా అంత నల్లపెట్టె ఒకటి వచ్చింది.

ఆ పెట్టె ఫానోర్‌కు కొరుకుడు పడలేదు. పాటలన్నీ అందులో ఉన్నాయంటారు, దానికి స్పీకరు లేదు. స్పీకర్లకు తగిలించింది ఇంకో పలచటి వెండిరంగు డబ్బా, అందులో పాటల్లేవు. రెండింటికీ మధ్య ఇంటర్నెట్టు పెట్టె, అది కేవలం దారి. పాట పెట్టమని చెప్పాల్సింది ఫోనుకి. "అంటే నేను డ్రైవరుకి చెప్తే, వాడు డిపోకి చెప్తే, డిపో బస్సుకి చెప్తుందన్నమాట. మరి బస్సు లేటవదా?" అని అడిగాడు నన్ను. నాకు సబబుగానే తోచింది. దారి తగ్గుతుందని ఇద్దరం కలిసి నల్లపెట్టెను పడకగదిలోంచి ముందుగదికి మోశాం. పొడుగు వైరు తీసి పొట్టి వైరు పెట్టాం. వేడెక్కి అలిసిపోతోందేమోనని ఫ్యాను కూడా పెట్టాం. పాట నిదానంగానే ఉందన్నాడు.

యురానీ ఇవన్నీ విని ఒక్క ముక్కలో తేల్చేసింది. పెట్టె చెడితే అన్ని పాటలూ చెడాలి కదా అంది. నిజమే మరి. ఫానోర్ లెక్క ప్రకారం పదిహేడు వందల రికార్డుల్లో పదిహేను వందలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నిదానించినవి ఒకప్పుడు ఎర్ర చెక్కపెట్టెలో విడిగా దాచుకున్నవి, కుర్రతనంలో డాన్సు హాళ్లకు మోసుకెళ్లిన రెండు వందలు మాత్రమే. ఏ యంత్రమైనా ఏరి ఏరి మనిషికి ఇష్టమైన పాటలకే జబ్బు తెస్తుందా? ఆడలేక మద్దెల ఓడు అంటున్నావు నాన్నా అని నవ్వింది పిల్ల.

ఆయన నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఆ శనివారం సాయంత్రం మళ్లీ నా కొట్టుకొచ్చి చెప్పాడు. ఆయన అన్న ఎబేర్‌కి మతి పోవడం ఇలాగే మొదలైంది. ముందు ఇంట్లో గడియారాలు తప్పు నడుస్తున్నాయన్నాడట. తర్వాత వంటావిడ ఉప్పు మార్చేసిందన్నాడట. రెండేళ్లకు తమ్ముణ్ణి చూసి, ఈ బస్సు డ్రైవరెవరు, టిక్కెట్టిస్తాడా అని అడిగాడట.

"పెట్టె చెడలేదు సెగుందో. నాది చెడింది," అని కణత మీద వేలు పెట్టుకున్నాడు. "సోమవారం ఆస్పత్రికి చీటీ రాయించుకున్నా. మెల్బాకి చెప్పకు."

నీతోటి సాల్సా పిచ్చోళ్లు ఊరంతా ఉన్నారు కదా, వాళ్లకు వినిపించి అడగవేమయ్యా అన్నాను. వాళ్లు బాగానే ఉందంటే అప్పుడు నేనేం కావాలి అన్నాడు. అందుకే పాటలు తెలియని పాస్తోవాణ్ణి వెతుక్కున్నాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

మర్నాడు ఆదివారం. ప్రార్థన ముగిశాక వేడి వేడి జున్ను బన్నులు పట్టుకుని వాళ్లింటికి వెళ్లడం నా ఆనవాయితీ. ఆ ఇంట్లో ఆదివారం గుడ్డు కూడా ఒక ఆనవాయితీ. మెల్బా మరిగే నీళ్లలో గుడ్లు వదిలి కేకేసేది. ఫానోర్ ఒక పాట పెట్టేవాడు, చేపలమ్మే మనిషి మీద పాట, వాళ్లిద్దరూ మొదటిసారి కలిసి డాన్సాడింది దానికేనట. పాట అయిపోగానే గుడ్లు బయటికి. పెంకు కొట్టి గాజుగ్లాసులోకి వంచితే సొనంతా జారాలి, దానిమీద ఉప్పూ వెన్నా. ఇంకే రకంగా ఇచ్చినా ఫానోర్ ముట్టడు. మెల్బాకు రాగం తాళం పట్టదు. వంటింట్లో కుళాయి హోరులో ఆమెకు తెలిసేదల్లా పాట ఆగడమే.

పెట్టె వచ్చాక ఎనిమిది ఆదివారాలుగా ఫానోర్ ఆ పాట జోలికి పోలేదు. ఒకసారి పెట్టి, సగంలో ఆపేసి, చెమట తుడుచుకున్నాడు, అంతే. మెల్బా కూడా ఉల్లిపాయ, టమాటా వేసి గుడ్డు పొరటుతో సరిపెడుతూ వచ్చింది. ఆ రోజు మాత్రం ఆమెకు విసుగొచ్చింది.

"ఏం ముసలోడా, పిల్ల పెట్టె కొనిచ్చింది అలంకారానికా? గుడ్లు వేశా, పాట పెట్టు."

ఆయన నా వంక చూశాడు. నేను బన్ను వంక చూశాను. చేసేది లేక ఫోను నొక్కాడు. పాట మొదలైంది. ఫానోర్ కుర్చీ చేతులు పట్టుకుని, పన్ను పీకించుకునేవాడిలా చివరిదాకా కూర్చున్నాడు. పాట ఆగింది. మెల్బా గుడ్లు తీసి, బల్ల దగ్గరికొచ్చి, పెంకు కొట్టి గ్లాసులోకి వంచింది.

గుడ్డు జారలేదు.

చెంచాతో గీకింది. ముద్దగా పడింది. రెండోది కొట్టింది, అదీ అంతే. గ్లాసును వెలుతురుకు ఎత్తి కాసేపు చూసి, మొగుడి ముందు పెట్టి, మామూలుగా అంది:

"నీ పాట సాగింది."

ఫానోర్ గ్లాసును తనవైపు లాక్కుని చెంచాతో గుడ్డును నొక్కి చూశాడు.

"యాభై ఏళ్లుగా ఇదే పాటకి గుడ్డు తీస్తున్నా. నీళ్లు అవే, గిన్నె అదే. పాట పొడుగైంది, గుడ్డు గట్టిపడింది. నీ తలకాయకేం కాలేదు. సోమవారం చీటీ నీ చొక్కా జేబులోనే చూశాలే."

ఫానోర్ ఆ గట్టి గుడ్లు రెండూ తిన్నాడు. అసహ్యించుకునే మనిషి, గ్లాసు అడుగుదాకా గీకి తిన్నాడు, కళ్లనీళ్లు మీసంలోకి కారుతుంటే తుడుచుకోకుండా. నేను నా బన్ను కూడా ఆయన గ్లాసు పక్కన పెట్టాను.

కానీ చిక్కు విడలేదు, ఇంకా బిగిసింది. పెట్టె సరే, తల సరే, మరి పాట ఎందుకు సాగింది? గ్రంథాలయం ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. ముగ్గురం వెళ్లాం. ఎర్ర చెక్కపెట్టె మూలన ఉంది, పక్కనే ఆయన ప్లేయరు. నేను గడియారం పట్టుకుని నిలబడ్డాను. ఫానోర్ రికార్డు తీశాడు, ఊదాడు, పళ్లెం మీద పెట్టాడు. ఎడమచేత్తో ముల్లు ఎత్తుతుంటే కుడిచేతి చూపుడువేలు దానంతటది వెళ్లి, పక్కనున్న వేగం మీటను నిమిషానికి ముప్ఫై మూడు చుట్ల నుంచి నలభై ఐదుకు నెట్టింది.

వేలు అక్కడే ఆగిపోయింది. ఫానోర్ దాన్ని పరాయివాడి వేలిని చూసినట్టు చూశాడు. రికార్డు మీద ముప్ఫై మూడనే అచ్చు వేసి ఉంది. దుకాణంవాళ్లు అది చదివి, బుద్ధిగా అదే వేగంలో ఎక్కించారు. ఈ రికార్డులు చేసిన న్యూయార్కువాళ్లు పాటలు మరీ నిదానంగా వాయించారని, కాలీ కుర్రకారంతా ఆ రోజుల్లో మీట నెట్టి ఆడేవాళ్లమని ఆయన మెల్లగా, ఒక్కో ముక్కా తవ్వి తీసినట్టు చెప్పాడు. ఏ సాల్సా పిచ్చోణ్ణి అడిగినా క్షణంలో చెప్పేవాడే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, గుడ్డు పట్టింది.

ముల్లు దించాడు. పాట ఉరికింది. నా గడియారంలో రెండు నిమిషాల యాభై సెకన్లు. ఇంట్లో పెట్టెలో అదే పాట మూడు నిమిషాల యాభై.

అప్పుడు నేను నోరు జారాను, మొద్దులని పేరుపడ్డ పాస్తోవాణ్ణి కదా. అంత ముఖ్యమైన మీట సంగతి మరచిపోయావంటే, అదీ మరపే కదా ఫానోర్ అన్నాను. ఆయన ముఖంలో పాత భయం మళ్లీ తొంగిచూసింది.

మెల్బా ఆయన చూపుడువేలు పట్టుకుంది.

"నువ్వు మరిచిపోయావు, ఇది మరిచిపోలేదు," అంది. "రోజూ పొద్దున్నే దీన్నే అడుగుదాంలే."

సోమవారం ఇద్దరూ కలిసే ఆస్పత్రికి వెళ్లారు. బస్సెక్కేటప్పుడు కూడా ఆమె ఆ వేలు వదల్లేదు.