ఉమ్మడి సందు లేని కంప్యూటరు

కంప్యూటరులో ఏది చెరపవచ్చో, ఏది చెరపకూడదో పిల్లలకు చెప్పి జీతం తీసుకునే మనిషిని నేను. అలాంటి నేను, చెరపకూడనిదాన్ని ఒక సిమెంటు వ్యాపారి చెప్పాడని చెరిపేశాను. ఆయన బెదిరించను కూడా లేదు, కాఫీ తెప్పించి చెప్పాడంతే. నా చదువు ఒక కాఫీకి లొంగిందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రెండువేల నాలుగు ప్రాంతం అది. నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ జగ్గయ్యపేటలో అద్దెకుండేవాణ్ణి. నేనున్న మేడ కింద ఇద్దరు అన్నదమ్ముల కొట్టు. అన్నది శుభలేఖల వ్యాపారం, తమ్ముడిది ఫోటో స్టూడియో. ఆ మధ్యనే పంపకాలయ్యాయి. కొట్టు నడిమధ్య ప్లైవుడ్ గోడ లేచింది. కంప్యూటరు మాత్రం ఒక్కటే. అందుకని గోడకు ఒకచోట కన్నం పెట్టి, బల్ల సగం అటూ సగం ఇటూ వచ్చేలా పెట్టుకున్నారు. పొద్దున మానిటరు మెడ అటు తిప్పితే అన్నది, మధ్యాహ్నం ఇటు తిప్పితే తమ్ముడిది.

అందులో లినక్స్ ఎక్కించింది నేనే. విండోస్‌కి వారానికో వైరస్ తగిలి ఫోటోలు పాడైపోతున్నాయని తమ్ముడు గోల పెడుతుంటే, దీనికి వైరస్ రాదని, పైగా ఉచితమని చెప్పాను. వైరస్ సంగతి సగమే విన్నాడు గానీ ఉచితమన్న మాట పూర్తిగా విన్నాడు. శుభలేఖల తెలుగు అక్షరాలు విండోస్‌లోనే సరిగ్గా వచ్చేవి కాబట్టి అన్న అందులోనే ఉండిపోయాడు. ఆ విధంగా ఒకే డిస్కులో రెండు కాపురాలు పెట్టాను. ముందు గది అన్నది, వెనక గది తమ్ముడిది, రెండింటికీ మధ్య ఒక చిన్న ముక్క. మీట నొక్కగానే ముందు లేచేది ఆ చిన్న ముక్కలో ఉండే కాపలావాడు. ఎటు వెళ్ళాలని అడిగి, ఆ తలుపు తీసేవాడు. వాడు లేకపోతే రెండు గదులకీ దారి లేదు.

పంపకాలు చేసిన పెద్దమనిషి వాళ్ళ మేనమామ. నందిగామలో ఇనుము, సిమెంటు కొట్టు ఆయనది. నోరు మూతపడగా ఎవరూ చూడలేదు. ఆ శుక్రవారం సాయంత్రం మిగిలిపోయిన చిల్లర తగువులు తీర్చడానికి వచ్చి, నన్ను మేడ మీంచి పిలిపించారు.

"ఏవయ్యా మాస్టారూ, ఇందులో పార్టిషన్ ఉందంటగా? ఏదీ, చూపించు."

తెర మీద పట్టీ చూపించాను. ఇది అన్నగారిది, ఇది తమ్ముడిగారిది అన్నాను.

"మరి మధ్యలో ఈ బుల్లి ముక్క ఎవరిది?"

"అది ఉమ్మడిదండీ."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "అదే వద్దన్నా. ఈ చేతుల మీదుగా ఎన్ని ఇళ్ళు పంచానో నీకేం తెలుసు? గోడ దగ్గర తగువు రాదయ్యా, ఉమ్మడి సందు దగ్గరొస్తది. చెత్త ఎవడూడవాలి, సైకిలెవడు పెట్టాలి అని మొదలై కోర్టు దాకా పోతారు. ఉమ్మడి అనేదే మిగలకూడదు. ఆ ముక్క పెద్దాడికి కలిపెయ్. జ్యేష్ఠభాగం."

"దారి అండీ అది," అన్నాను.

"దారి ఎవడి వాటాలోంచి వాడు పెట్టుకుంటాడులే. నువ్వు కాఫీ తాగు."

తాగాను. తాగుతూ ఆలోచిస్తే ఆయన చెప్పిందీ నిజమే అనిపించింది, కాపలావాణ్ణి తమ్ముడి గదిలోకి మార్చితే సరిపోతుంది కదా అని. కాపలావాడి సామాను మొత్తం తమ్ముడి గదిలోకి సర్దాను. సందు చెరిపేసి ఆ చోటు అన్న వాటాలో కలిపాను. ఇల్లు మారిన సంగతి పోస్టాఫీసులో చెప్పినట్టు, మీట నొక్కగానే మేలుకునే మొదటి మెట్టుకి 'కాపలావాడు ఇప్పుడు ఫలానా గదిలో ఉన్నాడు' అని చెప్పాలి. అది మాత్రం చెప్పలేదు. మావయ్యగారు అప్పటికే పక్కింటి వాళ్ళ పంపకాల కథలోకి దిగారు, నేను వింటూ కంప్యూటరు ఆపేశాను. హద్దులు మార్చడంలో హద్దు మీరానన్న సంగతి ఆ రాత్రికి నాకూ తెలియదు, కంప్యూటరుకీ తెలియదు.

మర్నాడు రెండో శనివారం, కాలేజీకి సెలవు. పొద్దున్నే కింద నుంచి తమ్ముడి కేక. "మాస్టారూ! ఒక్కసారి దిగండి!"

నల్లటి తెర మీద తెల్లగా ఒక వరుస. ఎర్రర్ ఇరవై రెండు. అడిగిన వాటా ఎక్కడా లేదని దాని అర్థం. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. మళ్ళీ అదే. అన్నా వచ్చాడు, ఆ ఊళ్ళోనే రాత్రి ఆగిపోయిన మావయ్యగారూ వచ్చారు. స్టూడియో బెంచీ మీద అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది.

ఆవిడ చిల్లకల్లులో ఎలిమెంటరీ స్కూలు టీచరు. భర్త పోయి ఏడాది. ఆదివారం వీరులపాడులో, అత్తగారి ఊరి చర్చిలో, ఆయన జ్ఞాపకార్థం కూడిక పెట్టుకున్నారు. అందులో పెట్టడానికి పెద్ద ఫోటో కావాలి. ఆయన ఫోటో అంటే ముఖం తిప్పేసుకునే మనిషట. సరిగ్గా ముఖం కనబడేది ఒక్కటే ఉంది. వర్షాలకు గోడ చెమ్మెక్కి అది ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. తమ్ముడు తెలివైనవాడు, అద్దంతో సహా ముందు స్కాన్ చేసి, తర్వాతే ఊడదీయడానికి చూశాడు. కాగితం వచ్చింది, ముఖం అద్దానికే ఉండిపోయి పొరలు పొరలుగా లేచిపోయింది. ఇక ఆ ముఖం ఉన్నది ఈ డిస్కులో మాత్రమే. వారం నుంచి దాని మీదే పని చేసి శుభ్రం చేశాడు. ఫ్లాపీలో పట్టనంత పెద్దది, సీడీ రాసే పరికరం వాళ్ళకు లేదు.

"ఇవాళ ఇస్తానన్నారు కదండీ," అంది ఆవిడ మెల్లగా.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. మాట్లాడింది మావయ్యగారు.

"ఇంకెక్కడి ఫోటో అమ్మా! మాస్టారు రాత్రి మొత్తం ఊడ్చి పెట్టేశాడుగా. పలక తుడిచినట్టు తుడిచాడు. ఈ చదువుకున్నోళ్ళతో ఇదే వచ్చింది."

ఆవిడ సంచీలోంచి ఒక కవరు తీసి, విప్పకుండానే మళ్ళీ లోపల పెట్టుకుంది. అందులో ఉన్నది ఆ పొరలు లేచిన కాగితమని నాకు తెలుసు. కళ్ళు తుడుచుకోవడానికి పక్కకు తిరిగితే అక్కడ ప్లైవుడ్ గోడ ఉంది. ఆ గోడకేసే కాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఈలోగా గోడకు అటూ ఇటూ మొదలైంది.

"జ్యేష్ఠభాగం అని నా చోటు లాగేసుకున్నప్పుడే అనుకున్నా అన్నయ్యా."

"లాక్కోడానికి నాకు మాత్రం తెరుచుకుందేంట్రా? రేపటికి ఇవ్వాల్సిన పెళ్ళికార్డులు నావీ అందులోనే ఉన్నాయి!"

"మాస్టారు నీ వైపే పొద్దున కాఫీ తాగుతాడుగా."

రెండు వైపులా కాఫీ తాగేవాణ్ణని చెప్పబోయి ఊరుకున్నాను. పంచమన్నారు, పంచాను, మిగిలింది నా పంచనామా.

కాపలావాడి అడ్రసు సరిచేయడం పెద్ద పని కాదు. నా దగ్గరున్న లినక్స్ సీడీతో కంప్యూటరు లేపి, నాలుగు ఆదేశాలు టైపు కొడితే చాలు. మేడ మీదికి పరిగెత్తి ఆ సీడీ తెచ్చాను. డ్రైవు దాన్ని గిరగిరా తిప్పి, గొంతు సవరించుకుని, వద్దంది. గీతలు పడిపోయింది. దాని మీద నేను టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక కూడా ఉంది.

ఇంకోటి నందిగామలో, కాలేజీ ల్యాబు బీరువాలో ఉంది. అప్పుడే మావయ్యగారు ఫోను పెట్టేస్తూ, "కోదాడ నుంచి మెకానిక్కుని రమ్మన్నా. ఫార్మాట్ కొడితే కొత్తదానిలా అయిపోద్దంట," అన్నారు.

నేను చేసింది దారి మూసేయడం. ఫార్మాట్ అంటే ఇల్లు కూల్చేయడం. అది మావయ్యగారికి చెప్పాను. "నీ మాట విన్నంతవరకూ చాల్లే," అన్నారు. చెప్పింది చేసింది నేనే గానీ, చెప్పింది ఆయనన్న సంగతి అప్పటికి ఆయన చరిత్రలో లేదు.

టీచరుగారి దగ్గరికి వెళ్ళాను. "ఫోటో ఉంటుందండి. నేను నందిగామ వెళ్ళొస్తా. వచ్చేదాకా దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

"ఉందా, ఉంటుందా?" అంది.

పాఠాలు చెప్పే మనిషి కదా, తేడా పట్టేసింది. "ఉంటుందండి," అని బస్టాండుకి పరిగెత్తాను.

ఆ ప్రయాణం ఇప్పటికీ తలుచుకోను. చిల్లకల్లు దగ్గర పత్తి ట్రాక్టర్లు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. హైవే మీద లారీలన్నీ హారన్లు కొడుతుంటే నా లోపల ఒకటే లెక్క. అన్న వాటా పెంచినప్పుడు గీత సరిగ్గా సందు చివరనే ఆగిందా, ఒక వెంట్రుకవాసి తమ్ముడి వాటాలోకి తోసుకెళ్ళిందా? తోసుకెళ్తే ఆ గది మొదట్లోనే దెబ్బ. సీడీ వేసినా ఏమీ కనబడదు. గీత గీసేటప్పుడు నేను చూసుకోలేదు, పక్కింటి పంపకాల కథ వింటున్నాను. ఆ ముఖాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు, అయినా బస్సు దిగే ప్రతి నడివయసు మనిషిలోనూ దాన్నే వెతికాను.

కాలేజీలో అటెండరు తాళాలు జేబులో వేసుకుని పెళ్ళికి వెళ్ళాడు. కల్యాణమండపానికి వెళ్ళి, పంక్తిలో ఉన్నవాణ్ణి లేపకుండా జేబులోంచి తాళాలు తీసుకుని, సీడీ తెచ్చుకుని, తాళాలు మళ్ళీ వాడి జేబులో వేశాను. "భోంచేసి పోండి సార్," అన్నాడు పూర్ణం నములుతూ. ఆ పూటకి తిండి గురించి ఆలోచన వచ్చింది అదే మొదలు, ఆఖరూ.

జగ్గయ్యపేటలో దిగేసరికి కొట్టు ముందు జనం. కోదాడ మెకానిక్కు వచ్చేశాడు. కానీ బెంచీ మీద చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. కంప్యూటరు ముందు కుర్చీలో టీచరుగారు ఉంది. ప్లగ్గు పీకి, ఆ వైరు తన ఒళ్ళో పెట్టుకుంది.

"గంట నుంచి గిట్లనే కూసోబెట్టింది సార్," అన్నాడతను నన్ను చూసి. "అయిదు నిమిషాల పని అమ్మా అంటే, అయిదు నిమిషాల పనంటేనే నాకు భయం, కూర్చోండి అంటది."

మావయ్యగారు గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ నా ఘనత వివరిస్తున్నారు. పలక పోలిక బాగా కుదిరినట్టుంది, అదే వాడుతున్నారు.

వైరు అడిగితే ఇచ్చింది. సీడీ వేశాను. ఈసారి డ్రైవు చదివింది. తమ్ముడి గది తెరవమని కొట్టాను. కాసేపు ఏ జవాబూ లేదు. తర్వాత ఏ గొడవా లేకుండా కింద కొత్త వరుస వచ్చింది. ఈ యంత్రం ఏమీ అనలేదంటే ఒప్పుకుందనే. గీత సందు చివరనే ఆగింది. అందులో నా గొప్పేమీ లేదు.

ఫోటో తెరవగానే పైనుంచి కిందికి మెల్లగా వచ్చింది. ముందు క్రాఫు, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు. గోడ కన్నంలోంచి అన్న కూడా తొంగి చూశాడు. టీచరుగారు దగ్గరికి వంగి చాలాసేపు చూసి, తమ్ముడితో, "కుడి కంటి కింద మచ్చేదండీ?" అంది.

"మరక అనుకుని తీసేశానండి."

"అది పెట్టండి. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలింది. అది లేకపోతే మా అత్తయ్య గుర్తుపట్టదు."

తమ్ముడు స్కాన్ చేసిన అసలు ఫోటో తీసి మచ్చ తిరిగి పెడుతుంటే నేను కాపలావాడి కొత్త అడ్రసు రాశాను. ఆపి వేశాను. మళ్ళీ ఆన్ చేస్తే రెండు తలుపులూ తెరుచుకున్నాయి. చీకటి పడకముందే ఆవిడ ఫోటో అట్టల మధ్య పెట్టుకుని బస్సెక్కింది. వెళ్తూ నాతో, "ఉంది కదండీ," అంది. అన్నదమ్ములు మాత్రం ఆ తర్వాత కూడా గోడ కన్నంలోంచే మాట్లాడుకున్నారు. అయితే మాట్లాడుకున్నారు.

తప్పు నాదని మావయ్యగారు ఒక్క మాట అనలేదు. అని ఉంటే క్షమించేవాణ్ణి. పైగా నందిగామలో, 'నేను కోదాడ నుంచి మెకానిక్కుని పిలిపిస్తే గానీ బాగవలేదు' అని చెప్పుకున్నారని కాలేజీలో విన్నాను.

కొన్నాళ్ళకు ఆయనా ఒక కంప్యూటరు కొన్నారు. మెల్లగా నడుస్తోందని నన్నే పిలిచారు. వెళ్ళాను. డిస్కు మొత్తం పరీక్షించే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. పెద్ద డిస్కయితే దానికి ఒక మధ్యాహ్నమంతా పడుతుంది. అది మొదలుపెట్టి, చాలా గంభీరంగా చెప్పాను.

"ఇది నడుస్తున్నంతసేపూ దగ్గర్లో ఎవరూ మాట్లాడకూడదండీ. లోపల సూది వెంట్రుకవాసి ఎత్తులో తిరుగుతుంటుంది. గొంతు అదిరితే అదురుతుంది."

"అంటే నేను..." అన్నారు.

వేలు పెదవుల మీద పెట్టి తెర చూపించాను. అప్పుడే ఏదో అంకె మారింది. ఆయన ఠక్కున నోరు మూసుకున్నారు.

లేచి వెళ్తారేమోనని, యజమాని పక్కనే ఉంటే మంచిదని కూడా అన్నాను. మధ్యాహ్నమంతా కూర్చున్నారు. చందర్లపాడు నుంచి ఇల్లు కట్టుకుంటున్న రైతు వచ్చి ఊచల ధర అడిగితే వేళ్ళు చూపించారు. రైతు తగ్గించమన్నాడు. తల అడ్డంగా ఊపారు. రైతు ఇంకా తగ్గించమన్నాడు. ఆయన ముఖం ఎర్రబడింది, పెదవులు కదిలాయి, నా వైపు చూశారు. నేను విచారంగా తల అడ్డంగా తిప్పాను. చివరికి వేలు ఒకటి మడిచి, రైతు చెప్పిన ధరకే ఊచలిచ్చేశారు.

నాకు కాఫీ తెప్పించారు, అది కూడా సైగతోనే. చాలా నెమ్మదిగా తాగాను.