మరిదికి వినిపించాలనుకున్న మాట

నేను ఆబిడ్స్ వెనక సందులో పుట్టి పెరిగాను. నాన్నకు పెన్నుల దుకాణం ఉండేది. డాక్టర్ సీటు రాకపోతే వ్యవసాయ కళాశాలలో చేరానే తప్ప, అప్పటికి నేను వరిమడిలో కాలు పెట్టి ఎరగను. తరువాత ఆ చదువే చెప్పే ఉద్యోగం వచ్చింది. మాది విస్తరణ విభాగం. పరిశోధనలో తేలిన విషయాన్ని రైతు పొలం దాకా తీసుకెళ్ళడం మా పని. తరగతి గదిలో అది చెప్పడం తేలిక. గట్టు మీద నిలబడి "మీ మడి ఒకటి ఇవ్వండి, చేసి చూపిస్తాం" అని అడగడం కష్టం.

పాలమూరు వైపు ఒక ఊళ్ళో అలా అడిగితే అందరూ మొహాలు తిప్పుకున్నారు. నారు పోయకుండా, నాట్లు వేయకుండా, మొలకెత్తిన విత్తనాన్నే బురదమడిలో వరుసగా వేసే పద్ధతి అది. ఒక్క అక్క ముందుకొచ్చింది. భర్త పోయాక సేద్యమంతా ఆమే చూసుకుంటోంది. పక్క మడి మరిదిది.

"పట్నం మేడం మాటలిని మడి పాడు జేసుకుంటవా వదినా?" అని అతను నలుగురిలో నవ్వాడు.

అతని మాటే నిజమైంది. ఆ ఏడు ముసురు పట్టి, మందు కొట్టడం ఆలస్యమై, వరిని కలుపు మింగేసింది. మళ్ళీ ఆ ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. అయినా వెళ్ళాను. అక్క గట్టు మీద కూర్చుని గడ్డి కోస్తోంది.

"ఏంది మేడం, గట్ల నిలవడ్డవ్? ఒక్కసారికే ఇడిసిపెడ్తమా? వచ్చే యేడు గూడ గీ మడే తీస్కో" అంది.

మరుసటి ఏడు పంట బాగా వచ్చింది. క్రమంగా ఊళ్ళో చాలామంది ఆ పద్ధతికి మారారు. మరిదీ మారాడు. కాని వదిన చేసింది మంచిపనేనని ఒక్కనాడూ అనలేదు.

ఈమధ్య బోధనలో, పరిశోధనలో, విస్తరణలో మంచి పని చేసిన వ్యవసాయ అధ్యాపకులకు సన్మానం ఏర్పాటు చేశారు. విస్తరణకు నన్ను ఎంచుకున్నారు. అక్కకు ఫోన్ చేసి రమ్మన్నాను.

"మైకుల నా పేరు జెప్తవా?" అని అడిగింది.

"చెప్తా అక్కా. నీ ముచ్చటే చెప్తా."

"అయితే మా మరిదిని గూడ తోల్కొస్త. పెద్దోళ్ళ నడుమ కూసోని ఇనాలె."

నిజంగానే తీసుకొచ్చింది. ఆమె కొత్త చీరలో, అతను ఇస్త్రీ చొక్కాలో, పొద్దున్నే మా ఇంట్లో ఇడ్లీలు తిన్నారు. సన్మానం పొందేవాళ్ళు ముందే రావాలన్నారు కాబట్టి నేను బయల్దేరాను. వాళ్ళను నాంపల్లిలోని సభామందిరానికి మా ఆయన తీసుకొస్తానన్నాడు.

వాళ్ళు వచ్చేసరికి ముఖ్య అతిథి లోపలికి వెళ్ళిపోయాడట. ఇక ఎవరినీ లోపలికి వదలకూడదని గేటు వేసేశారు. మా ఆయన ఎంత బతిమాలినా తీయలేదు. నాకు ఫోన్ చేశాడు. నా ఫోన్ సంచిలో ఉంది, సంచి వేదిక కింద కుర్చీలో ఉంది.

నా వంతు వచ్చింది. శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. నేను అక్క పేరు చెప్పాను, ఊరి పేరు చెప్పాను. చేతికి రావలసిన పంట పోయినా, నలుగురూ నవ్వినా, మరుసటి ఏడు మళ్ళీ అదే మడి ఇచ్చిందని చెప్పాను. "ఆమె ఈ సభలోనే ఉంది. అక్కా, ఒక్కసారి లేచి నిలబడు" అన్నాను.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరూ లేవలేదు. సిగ్గుపడుతోందేమోనని మళ్ళీ పిలిచాను. అప్పుడూ లేవలేదు. ఆ ఖాళీలోనే చప్పట్లు కొట్టేశారు.

బయటికొస్తే గేటు దగ్గర మా ఆయన ఒక్కడే ఉన్నాడు. బర్రెలకు నీళ్ళు పెట్టేవాళ్ళు లేరని, ఊరి బస్సు తప్పితే కష్టమని వాళ్ళు వెళ్ళిపోయారట. ఆటో ఎక్కాను. అఫ్జల్‌గంజ్ దగ్గర అది ఇరుక్కుపోతే దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బస్టాండుకు నడిచాను. బస్సు కదలబోతోంది. అక్క కిటికీ పక్కన కూర్చుంది.

"చెప్పినవా?" అంది నన్ను చూడగానే.

"చెప్పిన అక్కా. లేచి నిలబడమని పిలిచిన గూడ."

"నన్నా?" మరిది వైపు తిరిగింది. "ఇన్నవా, మేడం నన్ను పిలిచిందట."

"నువ్విన్నవా, నేనిన్ననా వదినా? ఎండల నిలవడ్డదే మిగిలింది" అన్నాడతను. బస్సు కదిలింది.

కొన్నాళ్ళకు ఆ ఊరెళ్ళి, పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ కూర్చోబెట్టి, మైకు పెట్టించి అవే మాటలు చెప్పాను. మరిది చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. తరువాత అక్క ఇంట్లో చాయ్ తాగుతూ, "ఇప్పుడు నిమ్మళమేనా అక్కా?" అని అడిగాను.

"నువ్వు మా మనిషివే గద మేడం. ఈడ అందరికి ఎరుకున్న ముచ్చటే" అంది. చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆడ, ఎరుకలేనోళ్ళ నడుమ లేశి నిలవడితే వేరే ఉంటుండె" అంది.

ఆ తరువాత ఎన్నిసార్లు పిలిచినా ఆమె హైదరాబాదు రానంటుంది. మోకాళ్ళ నొప్పులంటుంది. పొలానికి మాత్రం రోజూ నడిచే వెళ్తుంది.