నాలుగడుగుల గోడ

ఆ కాలనీలో ముప్పై రెండిళ్లు. అందరికంటే ముందు వచ్చి చేరింది టెలిఫోనమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసేది, అందుకే ఆ పేరు. అప్పట్లో రోడ్డు లేదు, వీధిలైటు లేదు. వానొస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే. ఆవిడే గడప గడపకీ తిరిగి సంతకాలు పెట్టించింది. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి నీళ్ల పైపు తెప్పించింది. అలా పుట్టిన సంఘానికి ఇరవై నాలుగేళ్లు ఆవిడే సెక్రటరీ.

సంఘం గొడవలు ఎన్నేళ్లయినా అవే. కుక్కలు, కాలవలో చెత్త, అడ్డంగా పెట్టిన కార్లు, గోడలు. ఇంటి ముందు గోడ నాలుగడుగులు దాటకూడదని రూలు. మొదట్లో రెండిళ్లు దోచుకున్న దొంగలు ఎత్తు గోడల చాటునే దాక్కున్నారు. అందుకని టెలిఫోనమ్మ పట్టుబట్టి ఆ రూలు పెట్టించింది. ఎవరన్నా ఒక్క వరస ఇటుక ఎక్కువ పేర్చినా టేపు పట్టుకుని వెళ్లి నిలబడేది. "చెక్‌పోస్టు వచ్చిందిరా" అని మేస్త్రీలు నవ్వుకునేవాళ్లు.

ఎదురింట్లో ఉండేది టైలరమ్మ. భర్త రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు, ఒకరి వంటింట్లోకి ఒకరు అడక్కుండా వెళ్లేవాళ్లు. అలాంటిది ఓ ఎండాకాలం టైలరమ్మ ఉన్నట్టుండి గోడ ఎత్తు పెంచడం మొదలుపెట్టింది. ఆరడుగులు.

"ఏంటొదినా ఇది? రూలు తెలీదా నీకు?"

"తెలుసు. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పో."

"నిన్ను వదిలేస్తే రేపు పక్కింటాయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

టైలరమ్మ ఏదో చెప్పబోయి, లోపలికి చూసి, ఇంట్లోకి వెళ్లిపోయింది.

సంఘం నుంచి కాగితం వెళ్లింది. మర్నాడు మేస్త్రీ వచ్చి పేర్చిన ఇటుకలన్నీ పీకేశాడు.

ఆ తర్వాత తొమ్మిదోరోజు మిట్టమధ్యాహ్నం టైలరమ్మ మిషను మీద ఉండగా, తాళం వేసిన గేటు పక్కన మాస్టారు కుర్చీ వేసుకుని గోడ దాటి వెళ్లిపోయాడు. కాలనీ అంతా వెతికింది. అందరికంటే ఎక్కువ టెలిఫోనమ్మే తిరిగింది. రెండోరోజు సాయంత్రం మెయిన్ రోడ్డు మీద, లారీలు ఆగే చోట దొరికాడు. ఎండదెబ్బకి ఒళ్లు కాలిపోతోంది. తన పేరేంటో చెప్పలేకపోయాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులుండి కన్నుమూశాడు.

"మతిమరుపు జబ్బు ముదిరింది కదా, ఆయన్ని ఒక్కర్నే ఎలా వదిలేశారు?" అని డాక్టరు అడిగినప్పుడుగానీ టెలిఫోనమ్మకి సంగతి తెలియలేదు.

"ఒక్క మాట నాతో అనుంటే..." అంది ఆసుపత్రి వరండాలో.

టైలరమ్మ ఏడవడం లేదు. "పిల్లలకి బొమ్మలు నేర్పిన మనిషి. చొక్కా ఎటు తొడుక్కోవాలో తెలీడం లేదని వీధిలో చెప్పుకోమంటావా? రూలు చెప్పడానికొచ్చావుగానీ, ఎందుకు కడుతున్నావే అని అడిగావా నువ్వు?"

అడగలేదు.

తర్వాతి మీటింగులో ఆవిడే లేచి నిలబడింది. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే గోడ ఎత్తుకి రూలు వర్తించదని మార్చాలంది. "ఇప్పుడెవరికీ అవసరం లేదు కదండీ" అన్నాడు రిటైర్డ్ బ్యాంకాయన, మంచిగానే. అయినా రూలు మారింది. ఆ రోజే సెక్రటరీ పని మానేసింది.

ఆరు నెలలు ఎదురింటి గేటు తీసే ధైర్యం చాల్లేదు. చివరికి ఓ పొద్దున, దిండు గలీబులు కుట్టించుకునే వంకతో గుడ్డ పట్టుకుని వెళ్లింది. మాస్టారి కుర్చీలో కుట్టాల్సిన బట్టలు పేర్చి ఉన్నాయి. టైలరమ్మ గుడ్డ విప్పి, కొలత చూసి, చీటీ రాసి గుచ్చింది.

"వదినా..." అంది టెలిఫోనమ్మ.

టైలరమ్మ తలెత్తలేదు. "బుధవారానికి అవుతాయండీ. మీరొచ్చి తీసుకెళ్లండి" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.