పంచాంగం కాగితం మీద డీజిల్ మరక

ఈ నెల పదకొండో తేదీ, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. గాలి లేదు, వరండా గోడ అప్పటికే వేడెక్కింది. కరెంటు పోయిన మూడు నిమిషాలకు ఎదురుగా మేడ కడుతున్న చోట జనరేటరు మొదలైంది. కాసేపటికి పనివాడొకడు దాన్ని ఆపకుండానే డబ్బాతో డీజిల్ పోయసాగాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి దాన్ని ఆపించాను. ఎందుకో అతనికి తెలియదు. ఓబులప్పను అతను చూడలేదు.

1961 ఫిబ్రవరి నుంచి 1965 ఏప్రిల్ వరకు, నాలుగేళ్ల రెండు నెలలు, నేను ఓబులప్ప దగ్గర ఇంజను పని చేశాను. నేను చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు, ఆయనకు నలభై ఆరు. ఆయన సొంతవూరు సోమందేపల్లె. కరువు పనుల్లో బావులు లోతు చేసే చోటికి ఆయిల్ ఇంజను బండి మీద తెచ్చి, మనుషులు అడుగున తవ్వుతుండగా ఊరే నీటిని తోడించేవాడు. ఇంజను చల్లారి, అరచెయ్యి ఆనించగలిగితేనే డీజిల్ పోసేవాడు; అదీ గుడ్డలో వడగట్టి, పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి. అంతకన్నా ముందు మరో పని ఉండేది. పాత పంచాంగం చించి చొక్కా జేబులో పెట్టుకున్న కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి, నీడలో ఉంచి, నా గడియారంలో పది నిమిషాలు చూడమనేవాడు. పెట్రోలైతే ఆరిపోయి ఏమీ మిగలదు. డీజిల్ జిడ్డు మరక వదులుతుంది.

వాసన చూస్తే చాలదా అని మొదట్లో అడిగాను.

“మన చేతులకు ఎప్పుడూ అదే వాసనప్పా. ముక్కును నమ్మితే ఎట్లా?” అన్నాడు.

పంచాంగం మంచిరోజు చెప్తుందా, డీజిల్ చెప్తుందా అని ఎగతాళి చేశాను.

“రెండూ చెప్తాది. మంచిరోజు తప్పినా బతుకుతాము” అన్నాడు, నవ్వకుండా.

కర్పూరం విషయంలోనూ అంతే. కొత్త నీళ్లు పడితే బావిలో హారతి ఇవ్వడం ఆ ఊళ్ల ఆచారం. ఓబులప్ప దాన్ని బావి గట్టు మీదే ఇప్పించేవాడు. గొణిగిన పెద్దలతో, “దేవునికి పైనుంచి కనపడదా?” అనేవాడు.

1965 ఏప్రిల్ 14, బుధవారం. కళ్యాణదుర్గం వైపు ఒక ఊరి తాగునీటి బావి, లోతు నలభై రెండు అడుగులు. ఇరవై ఆరో అడుగు దగ్గర రాతి అరుగు మీద ఇంజను, అడుగున పదకొండుమంది. పైకి రావడానికి ఉన్న మెట్లు ఆ అరుగు మీదుగానే వెళ్తాయి. పదకొండు గంటలకు రాతి నెర్రె నుంచి నీళ్లు చిమ్మాయి. పది నిమిషాల్లో మోకాలి లోతు. అప్పుడే ట్యాంకు ఖాళీ అయి ఇంజను ఆగింది. ఓబులప్ప పైన గొట్టం బిగిస్తున్నాడు. కొత్త అంగడి నుంచి బస్సులో తెప్పించిన డీజిల్ డబ్బా నా పక్కనే ఉంది. నీళ్లు పెరుగుతున్నాయని నేను కాగితం పెట్టలేదు. ఇంజను చల్లారనివ్వలేదు. పోస్తుండగా, నీళ్లు పడ్డాయన్న సంతోషంలో ఊరి పెద్ద ఒకాయన వెలిగించిన హారతి పళ్లెంతో మెట్లు దిగి వచ్చాడు. ఆయన ఇంకా నాలుగు మెట్ల పైన ఉండగానే మంట డబ్బా మూతికి అంటుకుంది.

డబ్బాను అరుగు అంచున వదిలేసి వెనక్కి దూకాను. అది ఒరిగితే మంట కింది పదకొండుమంది మీదే పడుతుంది. ఓబులప్ప దిగి వచ్చి, రెండు చేతులా దాన్ని ఎత్తుకుని, ముప్ఫై ఒక్క మెట్లు ఎక్కి గట్టు అవతల విసిరాడు. ఇంజను మీది మంటను నేను తడి గోనెసంచితో ఆర్పాను.

ఒళ్లు కాలిన ఆయన్ను ఎద్దులబండిలో ఆసుపత్రికి తీసుకెళ్తుండగా ఒక్క మాటే అడిగాడు.

“కాగితం పెట్టినావా?”

“లేదన్నా.”

“రేపట్నుంచి పెట్టు” అన్నాడు.

20వ తేదీ మంగళవారం ఆసుపత్రిలో చనిపోయాడు. కాలిన డబ్బా అడుగున మిగిలితే ఊరివాళ్లు సీసాలో బిగించి ఉంచిన దాన్ని ఆ సాయంత్రం కాగితం మీద వేసి చూశాను. చుక్కలో చాలా భాగం ఆరిపోయి, నడుమ సన్నటి జిడ్డు మిగిలింది. డీజిల్‌లో పెట్రోలు కలిసింది. పది నిమిషాల పని.

ఈ రోజుకీ నా జేబులో పోయినేటి పంచాంగం ముక్కలు ఉంటాయి. జనరేటరు దగ్గరి పనివాడికి వాటిలో ఒకటి ఇచ్చి, పది నిమిషాలు నిలబడి మరక చూపించాను.

ఆ రోజు బావి అడుగున ఉన్నవాళ్లు పదకొండుమంది. బతికి పైకి వచ్చినవాళ్లు పదకొండుమంది. చనిపోయినవాడు ఒకడు.