పసరు తాగి బతికానన్నది అబద్ధం

తుఫాను దాటేసరికి కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. రైతు కబురంపితే వెళ్లాం. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పడిన దుబ్బుల్ని లేపి నాలుగేసి కలిపి కట్టాం. నా మడమల నిండా పగుళ్లు. కూలీ కాళ్లకి పగుళ్లు ఎవరు లెక్కపెడతారు?

కొద్దిరోజులకే చలిజ్వరం. పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోయేది. ఆర్ఎంపీ బిళ్లలిచ్చాడు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. మా ఆడపడుచు సూరమ్మ చూడగానే తేల్చేసింది.

"కామెర్లే వదినా. పసరు తాగు. బిళ్లలు మానెయ్, రెండూ పడవు."

మా వైపు అంతే. కళ్లు పచ్చబడితే ఆసుపత్రి గుర్తుకు రాదు. పసరు తాగాను, ఉప్పులేని కూడు తిన్నాను. వాంతులైతే పసరు పోసేవాడు "పైత్యం దిగుతోంది" అన్నాడు. మూత్రం ఆగిపోయింది. అప్పుడు మా కోడలు లక్ష్మి లేచింది.

"ఇంకేం దిగాలండీ? మా అత్తయ్యగారే దిగిపోయేలా ఉన్నారు" అని ఆటో పిలిచింది.

రాజమండ్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది, "నీళ్లలో దిగారా అమ్మా?"

"మా ఊళ్లో దిగనిదెవరండీ?"

రక్తం తీసి లెప్టోస్పైరోసిస్ అన్నారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పగుళ్లలోంచి ఒంట్లోకి పోతాయట.

"కిడ్నీలు దెబ్బతిని క్రియాటినిన్ బాగా పెరిగింది, డయాలసిస్ చెయ్యాలి. జ్వరం రాగానే వస్తే యాంటీబయాటిక్‌తో పోయేది" అంది. పసరు సంగతి విని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మధ్యలో ఊపిరందక ఐసీయూలో పెట్టారు. మొత్తానికి బతికాను. ఇంటికొస్తే సూరమ్మ ఊరంతా చెప్పుకుంటోంది, "పసరు లోపలుండబట్టే మా వదిన నిలబడింది" అని. ఓపిక లేక ఊరుకున్నాను.

మళ్లీ తుఫానొచ్చింది. మళ్లీ చేలు పడ్డాయి. నాతో వరి కట్టిన మంగకి కళ్లు పచ్చబడ్డాయి. పసరు వద్దని చెప్పడానికి వెళ్తే ఆమె మొగుడు నవ్వాడు.

"నీకు పనిచేసిందిగా పిన్నీ!"

ఆసుపత్రిలో బతికానని చెప్పాను. నమ్మలేదు. మంగని ఆటో ఎక్కించేసరికి ఆలస్యమైపోయింది, దక్కలేదు. ఇద్దరు పిల్లలు.

ఇప్పుడు నేను నడుస్తున్నాను. కిడ్నీలు పూర్తిగా కుదుటపడలేదు, మాత్రలు వాడుతున్నాను. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు ఇవి, వంకరగా ఉన్నా నావే. వరదనీళ్లలో దిగాక జ్వరమొస్తే కళ్లు పచ్చబడేదాకా ఆగకండి. డాక్టరు అడక్కపోయినా నీళ్లలో దిగానని మీరే చెప్పండి. పసరు దగ్గర ఎవరైనా నా పేరెత్తితే, ఈ కాగితం చూపించండి.